ఫుల్ లాక్

ఎడమకు పూర్తిగా తిప్పితే
కుడి ముందు చక్రం దగ్గర మోగుతుంది.
టక్. టక్. టక్.
మొదట వానల్లో విన్నాను, కంకర అనుకున్నాను.
దసరా దాటాక కూడా కంకరే అనుకోవడానికి
నాకు కారణాలున్నాయి:
ఇన్సూరెన్సు, రెండు టైర్లు, షట్టర్ అద్దె.

రామంతాపూర్ సందులో జలీల్ భాయ్
కారును జాకీ మీద లేపాడు.
చిరిగిన రబ్బరు బూటులోకి వేలు పోనిచ్చి తీశాడు.
కాటుకలో చమ్కీ కలిపినట్టుంది గ్రీజు.
"మెరిసేదంతా మీ యాక్సిలే మేడమ్,
పొడిపొడిగా బయటికొస్తుంది."

కప్పు విప్పి పాత పేపరు మీద పెట్టాడు.
లోపల ఆరు గోళీలు,
అవి తిరిగే దారుల్లో గుంటలు.
గోరుతో తడిమితే గోరు ఆగింది.
తొమ్మిదేళ్లలో ఎంతమందికి నేర్పానో
నేను లెక్క రాసుకోలేదు,
ఇది రాసుకుంది.
నాగోలు ట్రాకు మీద ఎనిమిది వెయ్యబోయి
తొమ్మిది వేసినవాళ్లు,
స్టీరింగు చివరిదాకా తిప్పి పట్టుకుని
భయంతో యాక్సిలరేటర్ తొక్కినవాళ్లు,
క్లచ్చు ఒక్కసారే వదిలేసి
"సారీ మేడమ్" అన్నవాళ్లు.
ఒక్కో సారీకి ఇక్కడ ఒక గీత.

"బూటు చిరిగిన్నాడే వస్తే ఏడువందలతో పోయేది.
ఇప్పుడు గ్రీజు పెడితే పుండు మీద పౌడరు.
జుమ్మెరాత్ బజార్‌లో పాతది దొరుకుతది, పద్దెనిమిది వందలు.
ఏ బండి కింద ఎన్నేండ్లు ఏడ్చిందో అల్లాకే ఎరుక.
రాణీగంజ్‌లో కొత్తదైతే నాలుగువేల రెండొందలు,
మజూరీ వేరే."
ఆ చివరి మాట అంటున్నప్పుడు నా మొహం చూడలేదు,
తుడిచిన పానానే మళ్లీ తుడిచాడు.

కాసేపాగి తనే అన్నాడు:
"మా ఉస్తాద్ ఇంకోటి చేసేటోడు.
కుడిది ఎడమకు, ఎడమది కుడికి.
అరగని పక్క మీద ఇంకో ఆర్నెల్లు నడుస్తది."
నాకు నవ్వొచ్చింది.
క్లచ్చు తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు పోయాక
కుడికాలి మీద బరువేసి
నేను రెండేళ్లుగా నడుస్తున్నది అదే పద్ధతి.

డబ్బు లేదనే చెప్పబోయాను.
అప్పుడు నా సీటు ముందు పెడళ్లు కనిపించాయి.
పక్కన కూచున్నవాళ్లు ఏం చేసినా ఆపడానికి
నాకొక బ్రేకు ఉంది, ఒక క్లచ్చు ఉంది.
ఉప్పల్ పిల్లర్ల మధ్య, వెనక బస్సు హారన్ కొడుతుండగా
యాక్సిల్ విరిగితే తొక్కడానికి
నా వైపు పెడలు లేదు.

"కుడిది కొత్తది వెయ్. మరి ఎడమది?"
చక్రాన్ని చేత్తో తిప్పి,
కొబ్బరికాయ ఊపి వినేవాడిలా చెవొగ్గాడు.
"ఇది ఇంకా మాట వింటుంది. బూటు, గ్రీజు చాలు."
ఈ నెల చీటీ కట్టనని ఫోన్ చేసి చెప్పాను.
అవతల కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

పొద్దున ఆరున్నర, ఉప్పల్ భగాయత్.
ఇళ్లు లేవని ప్లాట్ల మధ్య వెడల్పు రోడ్లు.
స్టీరింగు ముందు మణెమ్మ,
కర్రీ పాయింటు ఓనరు, యాభై ఒకటి,
కూరగాయల వ్యాను తనే నడుపుకోవాలని పంతం.
ఎడమకు తిప్పింది. సగంలో ఆపేసింది.
"మేడమ్, చప్పుడేది?"
"బాగు చేయించాను."
"అయ్యో. మరి నాకెట్ల తెలుస్తది?
నాలుగు టక్కులకు చక్రం సీదా చేసేదాన్ని."

బానెట్ మూల చూడమన్నాను, దూరం చూడమన్నాను,
అద్దం చూడమన్నాను ఇరవై రోజులు.
ఆమె నేర్చుకున్నది మాత్రం
నేను వినకూడదనుకున్న దాని దగ్గర.

అద్దాలు దించాం. ఎక్కడో కుక్క మొరుగుతోంది.
కొత్త యాక్సిల్ ఏమీ చెప్పలేదు.
"మళ్లీ తిప్పండి" అని
నాలుకతో కొట్టాను: టక్.
టక్.
టక్.
నాలుగోది ఆమే అంది.