టంకం

ఇసుక పడవ మీంచి మునిగి బకెట్లు నింపే మల్లాడి ఎర్రయ్య
కోటిపల్లి రేవు దిగువన, రెండు నిలువుల లోతులో
కాలికి తగిలిందని తెచ్చాడు.
నల్లగా, వంకాయ తొడిమంత.
"వెండేనాండి, రేకుముక్కా?"

కుంకుడు రసంలో నానేసి విబూదితో తోమితే
తేలాడొక మనిషి.
ఒంటి మీద గుడ్డ లేదు.
ఎడమ భుజాన ముసలాయన, చంటిపిల్లాడిలా కూచుని.
కుడి చేతిలో బుల్లి అమ్మవారు.
అడుగు ఎత్తాడు, ఇంకా దించలేదు.
త్రాసులో నాలుగు గ్రాములకి గురిగింజెత్తు తక్కువ.

హిస్టరీ చెప్పి రిటైరైన కందర్ప సోమయాజులుగారు
భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు.
"రోము వాళ్ళదయ్యా. ఓడల్లో సరుక్కొచ్చిన డబ్బు.
ఊరు తగలబడుతుంటే తండ్రిని మోసుకుపోయాడు వీడు.
వీడి వంశం వాళ్ళే ఆ పట్నం కట్టారట."
"పెళ్ళాం లేదాండి?"
"వెనకాల నడిచింది. తిరిగి చూస్తే లేదు."

కుంపటి ఊదడం ఆపేశాను.

యాభైమూడు వరదలో మా తాత సూరాచారి
ఇలాగే, సరిగ్గా ఇలాగే,
వాళ్ళ నాన్నని భుజానేసుకుని, చేత్తో కామాక్షమ్మని పట్టుకుని
లంక నించి ఏటిగట్టెక్కాడు.
మా ఇంట ఏ పెళ్ళి జరిగినా చెప్పుకునే కథ.
అక్కణ్ణించే మా కొట్టు, కొట్టు మీద బోర్డు, మేమూ.
అచ్చియ్యమ్మని ఒకావిడ ఉండేదనీ,
తాతకి మొదటి పెళ్ళామనీ,
పంచె చెంగు పట్టుకుని మొలలోతు నీళ్ళలో వెనకే వచ్చిందనీ
నాకు చెప్పింది మావాళ్ళు కాదు,
పడవ వాళ్ళ ముసలమ్మ.
గట్టెక్కేసరికి చెంగు మటుకే వేలాడుతోందట.

నాణెం తిప్పాను.
ఆడమనిషి మొహం. జుట్టు ముడి, మెళ్ళో గొలుసు.
"అది దేవతయ్యా, వాడి తల్లి."
చదువుకున్నాయన మాట, కాదనను.
కానీ ఒకే వెండిబిళ్ళకి అటొకరు ఇటొకరు,
రెండు వేల ఏళ్ళుగా వీపులు ఆనించుకుని
మొహాలు చూసుకోలేని వాళ్ళు
తల్లీ కొడుకులే అయ్యుంటారా?

ఎర్రయ్యకి ఇవేవీ పట్టవు.
కూతురి బిడ్డ మెళ్ళో కట్టాలి, రింగు అతకమన్నాడు.
"ఏ బొమ్మ పైకి రావాలి?"
"దారం కదండీ, అదే తిరుగుద్ది."

అంచు మీద పెట్టాను, ఇద్దరికీ మధ్య.
టంకం కరిగి పాకింది.
పట్టకారుతో నీళ్ళలో ముంచితే
చుయ్యిమని, ఒక్కసారి,
తర్వాత ఏమీ లేదు.