బాయిలరు గదిలో చుక్క

హీయుమా దీవి బడిలో
జనవరి పదకొండున పిల్లలెవరూ కోట్లు విప్పలేదు.
చేపల తొట్టిలో నీళ్ళ మీద సన్నగా ఒక పొర.
బాయిలరు తనకు తానే తాళం వేసుకుంది.

తాలిన్ నుంచి బస్సు, ఆపైన పడవ.
లేలో సంచిలో ఉన్నది తాను రాసిన పుస్తకమే:
నలభై రెండు పేజీలు, మూడో ముద్రణ,
పద్దెనిమిదో పేజీలో ఒక్క వాక్యం.
"ముందు త్యాహ్త్ నొక్కి, ఆపై నంబరు కొట్టండి."

వాళ్ళ భాషలో త్యాహ్త్ అంటే అక్షరం.
వాళ్ళ భాషలోనే త్యాహ్త్ అంటే చుక్క,
రాత్రిపూట పొడిచేది.
అరవై ఎనిమిదేళ్ళ ఎందెల్
మసిపట్టిన బొటనవేలితో
అక్షరాల కోసం వెతకలేదు.
మీటల పలక కింద, ఎడమ మూలన
చుక్క గుర్తు ఉండనే ఉంది కదా,
పేరు పెట్టి పిలిస్తే పలికినట్టు.
మూడుసార్లు నొక్కాడు.
మూడోసారికి తెర ఎర్రబడింది.

"నాదేనా తప్పు?" అని అడగలేదతను.
"ఇది మీరు రాసిందేనా?" అన్నాడు
కాఫీ పోస్తూ.

ఆమె దగ్గర జవాబుంది.
ఆఫీసులో పదకోశం ఉంది,
మీట మీది చుక్కకి వేరే మాటే ఉంది,
ఆరుగురు సంతకాలు పెట్టారు.
ఆ జవాబుని కాఫీతో పాటు మింగింది.

చీకటి పడేదాకా ఇద్దరూ
వలలోంచి నాచు ఏరినట్టు మాటలు ఏరారు.
అంకె అంటే ఒక గుర్తు, ఉన్నవి పదే.
సంఖ్య అంటే ఎంత అన్నదానికి జవాబు.
నంబరంటే ఒక పేరు, ఇంటిది, ఫోనుది, బూట్ల జతది.
రెండు ఫోను నంబర్లు కూడి చూడు,
అవతల ఎవరూ పలకరు.
"మరి సున్న?"
"అంకె."
"మా నాన్న వల లాగి సున్న చేపలన్నప్పుడు
అది అంకె కాదమ్మాయ్.
ఆ రాత్రి ఉత్త బంగాళదుంపలు."
ఆమె గీత కొట్టి పక్కన రాసింది: సంఖ్య కూడా.
కాసేపటికి అదీ కొట్టేసింది.

ఇక్కడ నేను అడ్డొస్తున్నాను.
వాళ్ళని చూసి నవ్వడానికి
నా భాష ఏమంత పెద్దమనిషి కనుక?
వంద అని రాస్తే ఒక సున్న, అంకెల్లో వేస్తే రెండు.
చెక్కు మీద డబ్బుని అక్షరాలా రాయమంటాం.
లొంగినవాణ్ణి అంకెకు వచ్చాడంటాం,
ఏ అంకెకో ఎవరూ చెప్పరు.
ఇన్నేళ్ళూ కూడికలు సరిపోతూనే ఉన్నాయి,
ఎలాగో నాకు తెలీదు.

కొత్త వాక్యం తయారైంది.
"కె అని రాసి ఉన్న మీట నొక్కండి.
తర్వాత నాలుగు అంకెలు కొట్టండి."
ఎందెల్ పైకి చదివాడు, కె నొక్కాడు,
తర్వాత నాలుగు నొక్కాడు.
నాలుగే. ఒక్కసారే.
నొక్కి ఆమె ముఖం చూశాడు, బాయిలరు ముఖం చూశాడు.
పెన్సిలు మొన విరిగేలా ఆమె నవ్వింది,
అతని కత్తి అడిగి చెక్కుకుంది,
కింద ఇంకో వరుస చేర్చింది:
"ఉదాహరణకి, 7 0 3 9."

ఈసారి లోపల మంట అందుకుంది.
గోడ వెంబడి గొట్టాలు టకటకమని
బడి దాకా కబురు మోసుకెళ్ళాయి.
ఉదాహరణలోని అంకెలే అసలు తాళం అంకెలుగా
ఉంచేశాడని ఆమెకి తెలియదు.
అతను చెప్పలేదు.

తిరుగు పడవలో డెక్కు మీద నిలబడి చూసింది.
మబ్బు. ఆకాశంలో ఒక్క అక్షరం లేదు.
టికెట్టు మీద సీటు: గుండ్రంగా ఏదో, పక్కన ఏడు.
సున్ననా, ఓ అనే వరుసా?
టికెట్లు చూసే కుర్రాణ్ణి అడిగింది.
అతను ఖాళీ కుర్చీల వైపు చెయ్యి ఊపి
"ఎక్కడైనా కూర్చోండి" అన్నాడు.
ఆమె కూర్చోలేదు.
చేతి తొడుగు పళ్ళతో లాగి
టికెట్టు వెనకే రాయడం మొదలుపెట్టింది.