ఒండ్రు

చించినాడ వంతెన ఎక్కేలోపు
మూడుసార్లు ఉడికిందట.
నర్సు సుగుణమణి గారు బానెట్ మీద అరచెయ్యి ఆనించి
"నూట నాలుగుంది జిలానీ" అన్నారు.

అరవై మూడు మోడల్ ఫియట్.
రేడియేటర్ ఊడదీసి తిరగేస్తే
నీళ్లు రాలేదు, గోదావరి వచ్చింది.
తుప్పురంగులో, మెత్తగా,
మినప్పిండి జారినట్టు జారి
నా చెప్పుల మీద పడింది.

ఎన్ని కాలవలో అందులో!
లంకల్లో పురుళ్లకి పరిగెత్తిన రాత్రుళ్లు
దొడ్డిపట్ల దగ్గరో, ఏ లాకుల దగ్గరో ఆపి
టార్చి నోట కరుచుకుని
డాల్డా డబ్బాతో ముంచి పోసినవి.
ఆ డబ్బా ఇంకా డిక్కీలోనే ఉంది.
పారేయనా అంటే
"నీకేం అడ్డమొచ్చిందయ్యా" అన్నారు.

కొత్త కోర్ భీమవరం నుంచి తెప్పించాను.
ఫ్యాను మాత్రం తుక్కుకొట్లో మారుతీది.
రెక్కకీ జాలీకీ మధ్య బొటనవేలు పట్టాలి.
పట్టలేదు.
బ్రాకెట్ కోశాను. మళ్లీ కోశాను.
అన్నం క్యారేజీ మూత తియ్యకుండానే చల్లారింది.
వైర్లు కలిపితే గాలి ఎదురు తన్నింది,
ఎర్రదీ నల్లదీ మార్చాను.

ఇక అది వేడెక్కాలి.
స్టూలు లాక్కుని ఆవిడ, గడప మీద నేను.
ముల్లు డెబ్బై దాటింది. ఎనభై.
రేకుల మీద నాలుగు చినుకులు పడి ఆగాయి.
తొంభై.
ఏమీ లేదు.

ఏమీ లేదు.

టక్కుమంది రిలే.
ఒక్కసారి గుక్కపట్టి
ఫ్యాను అందుకుంది.

ఆవిడ చప్పున వాచీ చూసుకున్నారు.
"నాలుగూ పన్నెండు" అన్నారు,
రాసుకునేవాళ్లెవరూ లేకపోయినా.