జేబులో బెల్లం

వేలి కొసన ఎర్రటి చుక్క.
నూట నలభై రెండు.
ఆటోనగర్ టీకొట్టులో
"సెక్కరొద్దు" అంటే
గవరయ్య ఇప్పటికీ నవ్వుతాడు.

పదకొండేళ్ళు క్లీనర్ని.
టైరు మీద కర్రతో కొట్టి
గాలెంతుందో చెప్పేస్తాను.
నా ఒంట్లో ఎంతుందో చెప్పడానికి మాత్రం
మూడు నెలల లెక్క కావాలన్నాడు డాక్టరు.
కేజీహెచ్ వరండాలో ఆ మూడు నెలలూ
చీటీల కట్టగా మడిచి తెచ్చాను.

ఈవేళ హెవీ లైసెన్సు పరీక్ష.
కంగారులో
సూది మరిచిపోలేదు,
ఇడ్లీ మరిచిపోయాను.

రివర్సులో సగం దూరం వచ్చాక
అద్దంలో రెండు కర్రలూ నాలుగయ్యాయి.
మెడ వెనక చల్లటి చెమట.
నాకు తెలుసిది.
హ్యాండు బ్రేకు లాగి, ఇంజను కట్టేసి
జేబులోంచి అనకాపల్లి బెల్లం ముక్క తీశాను.

ఇంటిల్లిపాదీ నా నుంచి దాచే తీపి
నాలుక మీద నెమ్మదిగా, మందులా.

ఇన్‌స్పెక్టరు వాచీ చూసుకున్నాడు.
"ఏటయ్యా, భయమేసీసిందా?"
"నేదు సార్. పావుగంట ఆగాల."

కాగితం మీద ఏదో కొట్టేశాడు,
పక్కనే ఇంకేదో రాశాడు.
నాకు కనబడలేదు.

ముందద్దం నిండా పోర్టు బొగ్గుధూళి.
సూది పోట్ల వేలితో తుడిచిన
అరచేతిమందం చోటులోంచి
రోడ్డు కనిపిస్తోంది,
షీలానగర్ మలుపు దాకా.