కింది నీళ్ళు

అద్దాలు కంచరపాలెంలో కోయించాను.
రెండున్నర అడుగుల తొట్టి, లోపల అడ్డుగోడలు.
కొలతల కాగితం చూసి
"ఇందులో చేపలుండవా అమ్మా?" అన్నాడు అద్దాలాయన.
ఉండవన్నాను.
చేపల్లేని తొట్టికి ఇంత లెక్కేమిటో అర్థంకాక
పెన్సిలు చెవిమీద పెట్టుకున్నాడు.

లెక్క ఉంది.
పైన హాల్లో అందరూ చూసే నీళ్ళు.
వాటి మురికి, నురగ, చేప తిని వదిలిందీ తినక వదిలిందీ
గొట్టంలోంచి జారి
కిందికి, అలమరలోకి, చీకట్లోకి రావాలి.
మొదటిగదిలో గుడ్డసంచీ వడకడుతుంది.
మధ్యగదిలో ఇసుక, నాచు.
చివరిగదిలో మోటారు,
నీళ్ళని మళ్ళీ పైకి పంపేస్తుంది
ఏమీ జరగనట్టు.

సిలికాన్ ఆరేదాకా ఇల్లంతా వెనిగర్ వాసన.
ఎదురింటి కామాక్షిగారు తలుపు కొట్టి
ఊరగాయ పాడైందా అని అడిగింది.

ఉప్పు బకెట్లో వచ్చింది, హైదరాబాదు నుంచి.
జాలరిపేట ఎల్లాజీ పడీపడీ నవ్వాడు:
"బంగాళాఖాతం గుమ్మంలో ఎట్టుకుని
బకెట్టుతో సంద్రాన్ని కొంటన్నారేటమ్మా!"
హార్బరు నీళ్ళమీద తేలే డీజిలు రంగుల గురించి చెప్పాను.
కిటికీగట్టున వేలితో గీసి
నల్లటి పొడి చూపించాను.
నవ్వు ఆపాడు.
"ఒరదలొచ్చినప్పుడు సంద్రం కూడా సప్పబడిపోద్దిలెండి" అని
మర్నాడు ఓ నాచుముద్ద తెచ్చిచ్చాడు,
చిక్కుపడ్డ పచ్చటి నైలాన్ దారంలా.
డబ్బులిస్తే తీసుకోలేదు.

మొదటి రాత్రే కరెంటు పోయింది.
మోటారు ఆగింది. నీళ్ళకి ఆగడం తెలీదు.
పైకి తోసే పైపే తిరగబడి కిందికి గుంజింది.
తొట్టి నిండి, అలమర దాటి
గచ్చుమీద సముద్రం.
తువ్వాళ్ళు, పాత లుంగీ, చివరికి
మొదటి జీతంతో కొనుక్కున్న ధర్మవరం చీర.
మోకాళ్ళమీద కూర్చుని పిండుతుంటే
పోర్టునుంచి ఆయన ఫోను, క్రేనుమీంచి:
"అక్కడా పోయిందా కరెంటు?"
ఏం లేదు, పని చూసుకో అన్నాను.
పెదాలు ఉప్పగా ఉన్నాయి.

పొద్దున్నే ప్లంబరు మదీనా వలీ వచ్చాడు.
పైపుని తిప్పితిప్పి చూసి
నీటిమట్టానికి కాస్త కింద
పెసరగింజంత బెజ్జం వేశాడు.
"ఇంత గాలి చాలు మేడమ్. గాలి దూరితే
నీళ్ళు పట్టు వదిలేస్తాయి."
అంత వరదకీ మందు అదే.
తొట్టిమీద మార్కరుతో గీత గీశాను, దాటి నింపకూడదని.
గీత ఎక్కడ గియ్యాలో తెలియడానికి
ఒక చీర ఖర్చయింది.

మధ్యగదికి ఏం పేరు పెట్టాలో తోచలేదు.
శరణాలయం అంటే చందా రసీదు గుర్తొస్తుంది.
దాగుడుగది అన్నాను చివరికి.
నూకలో నూకంత పురుగులు అక్కడ పిల్లాపాపలతో పెరుగుతాయి
తినే నోరు లేదు గనక.
కొన్ని మోటారులో పడి పైకి పోతాయి.
పైన మాండరిన్ చేప, నీలం చారల జమీందారిణి,
ఇంకేం వేసినా ముట్టదు,
వాటికోసమే రాయిరాయీ గాలిస్తుంది.
దాచానా, మేపానా?
నన్నడక్కండి.

పైన దీపం ఆరాక కింద దీపం వెలగాలి.
చీకట్లో నీళ్ళు పులుపెక్కుతాయి,
నాచు మేలుకుంటే ఆ పులుపు తాగేస్తుంది.
రాత్రి పదినుంచి పొద్దున్న ఆరున్నరకి టైమరు పెట్టాను.
పెట్టాక తట్టింది, అవి ఆయన డ్యూటీ వేళలని.

అలమర సందులోంచి ఊదారంగు చార
గచ్చుమీదుగా మంచందాకా వస్తుంది.
దానివైపు తిరిగి పడుకుంటాను.

ఆయన వచ్చేసరికి పైన తెల్లారి ఉంటుంది, కింద ఆరిపోయి.
వెలుగుతుండగా ఈ వారం ఒక్కసారీ చూడలేదు.
బూట్లు విప్పకుండానే అలమర తెరిచి
బొగ్గు అంటిన వేళ్ళు దీపం రేకుకి ఆనిస్తాడు.
"ఇంకా వెచ్చగా ఉందే!"
ఇప్పుడే పడుకుంది, అంటాను.