చెవులు కనబడాలి

సోంపేట బస్టాండు ఎదురు సందులో
నా స్టూడియో వెనక గోడకి
మూడు తెరలు చుట్టి ఉంటాయి:
నీలం, బూడిదరంగు, తెలుపు.
ఏ దేశానికి బాబూ అని అడిగి తెర దించేదాన్ని.
ఇప్పుడు అడగను.
వచ్చినవాళ్లందరికీ తెలుపే కావాలి.
నీలం తెరని చిమ్మటలు తింటున్నాయి.

నవ్వకూడదు. కళ్లజోడు తీసెయ్యాలి.
చెవులు రెండూ కనబడాలి.
ఫోటోలో ముఖం నూటికి ఎనభై పాళ్లు ఉండాలి.
మొన్నటిదాకా డెబ్బై సరిపోయేది,
ఎందుకు పెంచారో నాకెవరు చెబుతారు?
ముఖం పెరిగితే మెడ పోయింది,
మెడ తర్వాత భుజాలు పోయాయి.
వెల్డర్లు, రిగ్గర్లు, ఇనుప కమ్మీలు మోసేవాళ్లు.
ఏ భుజాల కోసం పిలుస్తున్నారో
ఆ భుజాలే ఫోటోలో అక్కర్లేదట.

తవిటినాయుడికి ఆర్నెల్లలో మూడుసార్లు తీశాను.
వీసా పద్ధతి మారిందని ఒకసారి.
ఏజెంటు మారాడని ఒకసారి, ఆ పాతవాడి ఫోను
బరంపురంలో ఎక్కడో మోగి మోగి ఆగిపోయింది.
మూడోసారి మళ్లీ మెడికల్‌కి వెళ్లాలని.
క్రియాటినిన్ గీత దాటిందట.
పుట్టినప్పట్నించీ ఉద్దానం నీళ్లు తాగినవాడు
ఆ గీతకి ఎటువైపు ఉంటాడో
గీసినవాళ్లకి తెలుసా?
"అక్కా, ఈపాలి కాస్త తెల్లగా తియ్యే" అన్నాడు.
ముఖం తెల్లబరిస్తే రక్తం తేరుతుందా నాయనా.
తీశాను.
డబ్బులు ఎల్లేముందు ఇస్తానన్నాడు.
ఇంకా ఇక్కడే ఉన్నాడు.

ఈ మేడ ఢిల్లేశ్వర్రావుది.
నాలుగు వేల అద్దె, వచ్చే నెల నించి తొమ్మిది.
"అటేపు పోర్టంట, ఇటేపు ఎయిర్‌పోర్టంట,
ఇంజినీర్లు గదులకి తిరగతన్నారు.
నానేటి సేత్తానమ్మా, రేట్లే అలగున్నాయి."
అతన్ని దుబాయి పంపిన ఫోటో మా నాన్న తీసిందే.
వేసుకోడానికి మంచి చొక్కా లేక
మేకుకున్న స్టూడియో కోటు తొడుక్కున్నాడు,
చేతులు పొట్టి. అయినా ఫోటోలో చేతులెవరు చూస్తారు.
ఆ నెగిటివ్ నా దగ్గరింకా ఉంది.
నెగిటివ్‌లో నల్ల జుట్టు తెల్లగా పడుతుంది కదా,
ఇప్పుడు అచ్చం అలాగే ఉన్నాడు.
చూపిద్దామనుకున్నాను.
చూపించి ఏమడుగుతాను,
కోటు అద్దె ఇమ్మనా?

ఇల్లూ కొట్టూ కలిసొచ్చే గది కోసం
బారువ రోడ్డంతా తిరిగాను.
ఒకావిడ గ్రిల్లు తియ్యకుండానే మొదలెట్టింది.
ఎంతమంది? ఎన్నాళ్లుంటారు?
మీ ఆయన లేడా? ఏటయ్యాడు?
మీరేట్లు? చేపలొండుతారా?
నెలకెంతొస్తాది, బ్యాంకు కాయితమేదైనా ఉందా?
ఆర్నెల్లు అడ్వాన్సు. ఆధారు జిరాక్సు.
ఊళ్లో ఎవరిదైనా పూచీ.
ఆపైన రెండు ఫోటోలు.

నాకు నవ్వొచ్చింది. నవ్వకూడని చోట.
ఇదే ఊళ్లో పుట్టాను,
ఏ సముద్రం దాటొచ్చానని?
బారువ సముద్రం నా వెనకాలే
ఎవరి పూచీ లేకుండా ఒడ్డుకొస్తోంది, పోతోంది.

రాత్రి షట్టరు సగం దించి
నా ఫోటో నేనే తీసుకున్నాను.
ఊళ్లో సగం మందిని తీసిన కెమెరా,
నన్ను ఒక్కసారీ చూడలేదు.
పది సెకన్ల టైమరు.
నీలం తెర దించాను, చిమ్మట చిల్లుల్లోంచి
గోడ సున్నం చుక్కలు చుక్కలుగా కనబడింది.
జుట్టు చెవుల మీదే ఉండనిచ్చాను.
భుజాలు రెండూ పట్టేంత వెనక్కి జరిగాను.

పొద్దున్న గ్రిల్లు సందులోంచి అందించాను.
ఆవిడ ఫోటో చూసింది, నన్ను చూసింది,
మళ్లీ ఫోటో చూసింది.
"మా ఆయన మస్కట్‌లో ఉన్నాడు.
శుక్రారం ఫోన్ సేస్తాడు, అడిగి సెప్తాను."

ఆయనకీ తీసింది నేనే. తెల్ల తెర,
నవ్వొద్దంటే గుడ్లు మిటకరించాడు.

శుక్రవారం దాకా ఆగాలి.
మస్కట్ నించి రావాలి
సోంపేటలో నేను ఉండొచ్చో లేదో.