జంటల ప్యాకేజీ

మదీరా దాటిన రెండో పొద్దున
సముద్రం మా ఆయన్ని మంచాన పడేసింది.
టేల్ము మొహం పచ్చి బఠానీ రంగు,
ఒళ్ళో బకెట్, బుగ్గన అల్లం బిళ్ళ.
బల్ల మీద గులాబీ రంగు కాగితం:
స్పా, తొమ్మిదో అంతస్తు, పదకొండు గంటలకి, ఒక జంటకి.
డబ్బు వాపసు లేదు.

ఆ చివరి ముక్క చదివి
మా అత్తగారు చెప్పులేసుకుంది.
సెతూబల్ సార్డీన్ల ఫ్యాక్టరీలో
ముప్పయ్యొక్క ఏళ్ళు నిలబడ్డ మనిషి,
కట్టిన సొమ్ము నీళ్ళపాలు కానిస్తుందా
చుట్టూ ఇన్ని నీళ్ళున్నా సరే.

పిల్లల్ని జారుడు గొట్టం దగ్గర వదిలి
ఇద్దరం లిఫ్టెక్కాం.
పన్నెండేళ్ళలో ఆవిడా నేనూ
మూడో మనిషి లేకుండా కూర్చున్నది
ఆసుపత్రి వరండాల్లోనే.

గదిలో రెండు బల్లలు, చెయ్యి చాపితే అందేంత దూరం.
రేకులతో పేర్చిన ఎర్రటి గుండె.
జావా పిల్ల సులస్త్రి, హరారే పిల్ల రూడో
మమ్మల్ని చూశారు, ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.
"జంట... మీరేనా?"
"మేమే" అంది అత్తగారు.
"నా కొడుకుని చెరో చెయ్యీ పట్టుకు లాగే జంట."

తువ్వాలు జారినప్పుడు చూశాను
ఆవిడ వీపు, మొదటిసారి.
ఎడమ రెక్క కింద కాలిన మచ్చ,
డబ్బా మూతంత, అంతే గుండ్రంగా.
కుడి భుజం రెండు వేళ్ళు కిందికి దిగి ఉంది.
అడగలేదు.

బోర్లా పడుకున్నాం.
మొహానికో కన్నం, కన్నం కింద గిన్నె,
గిన్నెలో ఒక తెల్ల పువ్వు.
ఓడ ఒరిగినప్పుడల్లా పువ్వూ ఒరిగింది.

రూడో మోచెయ్యి దిగింది కాబోలు.
"అమ్మా" అంది అత్తగారు.
నలుగుర్ని కన్న కథ చెప్పేటప్పుడు కూడా
ఆవిడ నోట ఆ మాట వినలేదు నేను.

కాసేపటికి నేలతో మాట్లాడింది.
"మొదటి గుడ్ ఫ్రైడేకి నువ్వు చేపల పులుసు పెడితే
సముద్రం తోడి పోశావా అన్నాను చూడు..."
నేను నా పువ్వుకేసి చూస్తున్నాను.
"ఉప్పు సరిపోయింది."

పన్నెండేళ్ళు.
పన్నెండేళ్ళుగా ఆ వంటింట్లో
చిటికెడు తీసి, సగం మళ్ళీ డబ్బాలో రాల్చిన
నా మూడు వేళ్ళు.

"మరెందుకన్నారు?"
ఓడ ఎక్కడో లోపల మూలిగింది.
"వాడు రెండోసారి వడ్డించుకున్నాడు.
నా చేతి వంటకి ఎప్పుడూ అడగలేదు."

కోపం వచ్చింది. మామూలు కోపం కాదు.
కానీ సరిగ్గా అప్పుడే సులస్త్రికి
నా మెడ నరం దొరికింది,
పట్టుకు వేళ్ళాడ్డానికి కోపానికి ఒక్క కండా మిగల్లేదు.
సాయంత్రానికి మళ్ళీ వచ్చిందనుకోండి,
అది వేరే సంగతి.

ఆఖర్న సముద్రపు నాచు పూసి
వెండి రేకులో చుట్టారు ఇద్దర్నీ.
చేతులు కదలవు, కాళ్ళు కదలవు.
"ఇంకేం, మూత బిగించండి" అంది అత్తగారు,
"తేదీ ముద్ర మర్చిపోకండి."
నవ్వుతుంటే ఆవిడ రేకు గలగలమంది,
ఆపుకోలేక నాదీ.

పైకొస్తే ఇరీష్ ముక్కు మూసుకుంది:
"నానమ్మా, నువ్వు చేప వాసనొస్తున్నావు!"
"అప్పట్లో దీనికి జీతమిచ్చేవాళ్ళే,
ఇప్పుడు మేమే ఎదురిచ్చి వచ్చాం."

రాత్రి భోజనాల దగ్గర
టేల్ము ఎండు రొట్టె కొరుకుతూ అడిగాడు,
ఏం మాట్లాడుకున్నారని.
"నేల బావుంది" అంది వాళ్ళమ్మ.
చెంచాడు సూపు చప్పరించి
ఉప్పు సీసా నా వైపు జరిపింది.
నేను చెయ్యి చాపేలోపు
ఓడ ఒరిగి
దాన్ని మళ్ళీ ఆవిడ దగ్గరికే పంపింది.